పిన్ని వకీలైన సంగతి

మొన్న మా అమ్మాయి కాలేజీ దరఖాస్తు నింపుతూ, 'ఏమవుదామనుకుంటున్నారు' అన్న గడి దగ్గర ఆగి, "ఒక్కటే రాయాలా అమ్మా?" అని అడిగింది. నాకు మా పిన్ని గుర్తొచ్చింది. కాకినాడ నుంచి రైల్వే ఉద్యోగానికని రాయపూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. పిన్ని వయొలిన్ వాయించేది. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో రేడియోలో, పెళ్లిళ్లలో. నలభై ఏళ్లు వచ్చేదాకా ఆమెకు వేరే లోకం లేదు. వయొలిన్ ఒత్తుకుని ఆమె గడ్డం కింద నల్లటి మచ్చ పడింది. ఏమైందని కొత్తవాళ్లు అడిగితే ప్రతిసారీ ఒక కొత్త కారణం చెప్పేది.

నేను ఆమె ఇంట్లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో, పిన్ని పాట నేర్పే చర్చి క్వయర్‌లో దగ్గర్లోని తిల్దా ఊరి పిల్ల ఒకతి పాడేది. తల్లి అక్కడి రైస్ మిల్లులో కూలీ, పిల్ల రాయపూర్‌లో ఒకరింట్లో పనికి కుదిరింది. ఆ ఇంట్లో గొలుసు పోయింది. పోలీసులు పిల్లను తీసుకెళ్లి, కాగితం మీద పందొమ్మిదేళ్లని రాసి, పెద్దల జైలుకు పంపారు. పిన్ని రిహార్సల్ నుంచి వయొలిన్ పెట్టెతోనే కోర్టుకు పరిగెత్తింది. ఆ పిల్ల తరఫు వకీలు, "మీరు సంగీతం టీచర్ కదా మేడమ్‌జీ, ఆమె వయసు మీకెలా తెలుసు?" అన్నాడు. "నాలుగేళ్ల కింద నా దగ్గర చేరినప్పుడు ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయండీ" అంది పిన్ని. పళ్లు చెల్లవు, కాగితం తెమ్మన్నాడు.

ఇద్దరం ప్యాసింజర్ బండెక్కి తిల్దా బడికి వెళ్లాం. చెదలు తిన్న రిజిస్టర్‌లో పుట్టిన తేదీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. పదిహేనేళ్లు. కానీ కోర్టు అడిగితేనే ఇస్తానన్నాడు హెడ్‌మాస్టర్. కోర్టు అడగాలంటే వకీలు అర్జీ పెట్టాలి. ఆ వకీలు రెండు వాయిదాలకు రానేలేదు. చివరికి పిన్నే హిందీలో అర్జీ రాసి, పిల్ల తల్లి చేత వేలిముద్ర వేయించి, జడ్జి చేతికి ఇప్పించింది. రిజిస్టర్ వచ్చింది, కేసు పిల్లల బోర్డుకు మారింది, బెయిలు దొరికింది. ఏడాదికి కేసే కొట్టేశారు. కానీ బెయిలు దొరికేలోగా మూడు నెలలు జైల్లోనే గడిచిపోయాయి.

బయటికొచ్చాక పిన్ని వయొలిన్ శ్రుతి చేసి పాడమంది. ఆ పిల్ల, "అబ్ మన్ నహీ లగతా, దీదీ" అంది. ఇక మనసు రావడం లేదట. పిన్ని బలవంతం చేయలేదు. ఆ జూన్‌లో లా కాలేజీలో చేరి, ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మధ్య ముందు బెంచీలో కూర్చుంది.

"సంగీతం విసుగొచ్చిందా పిన్నీ?" అని ఉండబట్టలేక అడిగాను.

"విసుగేంటే. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో ముందే తెలిసుంటే ఆ పిల్ల వారంలో ఇంటికెళ్లేది కదా. అది తెలుసుకోవాలనిపించింది. బస్, అంతే."

తర్వాత ఇన్నేళ్లూ ఆమె పిల్లల కేసులే చూసింది. గడ్డం కింద మచ్చ మెల్లగా చెరిగిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు సిల్తారాలో ఫ్యాక్టరీ కూలీలకు క్యాంటీన్ నడుపుతోంది. మళ్లీ ఎప్పుడైనా పాడిందో లేదో నాకు తెలియదు, అడగాలని మాత్రం ఉంటుంది. పెద్దవాళ్లకు మూడు నెలలంటే రెండు వాయిదాలు. పదిహేనేళ్ల వయసులో అవే మూడు నెలలు ఎంత పొడుగుంటాయో, ఆ వయసు దాటగానే మనం మరిచిపోతాం.