ఫోన్లో పొద్దుటి వాక్యం

మా ఒక్కగానొక్క బిడ్డ కరీంనగర్‌లో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు, మా ఇంట్లో పొద్దుటి ప్రార్థన ఫోన్లోనే జరిగేది. నేను బొగ్గుబావిలో మొదటి షిఫ్టుకు పోయేవాణ్ణి. బయలుదేరే ముందు నా భార్య ఫోన్ స్పీకర్ పెట్టి, పొయ్యి పక్కన గోడకు ఆనించేది. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చినా కూడబలుక్కోవాలి. బిడ్డ మాత్రం ఆ రోజు బైబిల్ వాక్యభాగాన్ని గడగడా చదివి, "బాపూ, ఇనవడ్డదా?" అని అడిగేది. తర్వాత ముగ్గురం కాసేపు మాట్లాడకుండా ఉండేవాళ్ళం, చదివింది మనసులోకి దిగాలని. అప్పుడు అటునుంచి హాస్టల్ బకెట్ల చప్పుడు వినిపించేది. చివర నా భార్య ప్రార్థన చేసేది. అన్నీ అడిగేది. నా క్షేమం, బిడ్డ పరీక్షలు, పక్క క్వార్టర్లో ఉండే ముసలామె మోకాళ్ళ నొప్పులు కూడా.

వానాకాలంలో బిడ్డకు జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. మేం కరీంనగర్ చేరేసరికి ఐసీయూలో ఉంది. నా భార్య ఆస్పత్రి వరండాలో నేల మీదే మోకరించింది. జనం పక్కకు తప్పుకుని నడుస్తున్నా లేవలేదు. డాక్టరు వచ్చి నాకు సంగతి చెప్పి పోయేటప్పటికి ఆమె కళ్ళు మూసుకునే ఉంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ ప్రార్థన మధ్యలో భుజం తట్టి, నేనే చెప్పాల్సి వచ్చింది.

బిడ్డను మట్టిలో పెట్టి వచ్చాక పొద్దుటి ప్రార్థన ఆగిపోయింది. పాస్టరుగారు వచ్చి, ఇదంతా దేవుని చిత్తమన్నారు. ఆమె ఆయనకు చాయ్ ఇచ్చి లోపలికి పోయింది.

క్రిస్మస్ దాటాక ఒకరోజు తనే బైబిల్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇయ్యాల్టిది చదువు. ఇగ నువ్వే చదువాలె."

చర్చి క్యాలెండరులో ఆ రోజుకు ఇచ్చిన భాగం తీసి చూస్తే, చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం ఒక తండ్రి యేసు కాళ్ళ మీద పడిన ఘట్టం. పేజీ తిప్పబోయాను.

"ఏమైంది?"

"ఇది వద్దు. ఏదన్న కీర్తన చదువుత."

"దాటియ్యకు. ఏమున్నదో గదే చదువు."

వేలు పెట్టి, తడబడుతూ చదివాను. యేసు ఇంకా దారిలో ఉండగానే, ఆ పిల్ల చనిపోయిందని కబురొచ్చే చోట వేలు ఆపేశాను. తర్వాత యేసు వెళ్ళి ఆ పిల్లను బతికిస్తాడని ఆమెకు తెలుసు. ఎన్నోసార్లు విన్నదే.

"సచ్చిపోయిందని చెప్పినంక గూడ వాళ్ళింటికి పోయిండు," అంది. "నేను గంతసేపు పిలిస్తి. మన బిడ్డ దగ్గరికి ఎందుకు రాలే?"

"నాకు తెల్వదు," అన్నాను. అంతకుమించి ఏం చెప్పినా అబద్ధమయ్యేది.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బిడ్డ పోయాక నా ఎదుట అలా ఏడవడం అదే మొదలు. నేనూ ఏడ్చాను. ఆ రోజు షిఫ్టుకు పోలేదు. ఆ పిల్ల లేచి నడిచే దాకా చదవనూ లేదు.

ఇప్పుడు రోజూ చదువుతున్నాను. ఎక్కడన్నా తప్పుపోతే ఆమె దిద్దుతుంది. బిడ్డ చదవగా చదవగా చాలా వాక్యాలు ఆమెకు కంఠతా వచ్చేశాయి. ప్రార్థన మాత్రం చిన్నదైపోయింది. ఏదీ అడగదు. బిడ్డ పేరు ఒక్కసారి పలికి ఆగిపోతుంది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు చూసి, ఆమెన్ నేనే అంటాను.