హౌజు అడుగున టేకాకులు

మొన్న కరీంనగర్‌లో మా కూతురు వాళ్ల అపార్ట్‌మెంటు ఈతకొలనులో ఒకతను గట్టు మీదే నిలబడి, పొడుగాటి గొట్టంతో అడుగున చేరిన ఆకులను లాగేస్తుంటే చూస్తూ ఉండిపోయాను. ఒంటికి చుక్క నీరు తగలకుండా అతని పని అయిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

నిర్మల్ అడవుల్లో జాగీర్దార్ల వేట బంగ్లాలు సర్కారు చేతికి వచ్చిన కొత్తలో పెద్ద అధికారులు క్యాంపులకు వచ్చి అక్కడే దిగేవారని నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఒక బంగ్లాలో మా అన్నకూ నాకూ నౌకరి. వెనక ఈతకని కట్టించిన, రెండు నిలువుల లోతు హౌజు ఉండేది. ఫాల్గుణం వచ్చిందంటే చుట్టూ ఉన్న టేకుచెట్లు చేటలంత ఆకులు రాల్చేవి, అవి నాని అడుగుకు దిగి నీళ్లన్నీ ఎర్రబారేవి. మునిగి వాటిని బుట్టకెత్తడం మాకు వంతులవారీ పని.

ఒక ఏడు ఫాల్గుణంలో అన్న పొలం దగ్గర మూర్ఛ వచ్చి పడిపోయాడు. చూసినవాణ్ని నేనొక్కణ్నే. తేరుకోగానే నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వలకు చెప్పకు తమ్మీ, అవ్వకు అసలే వద్దు. నౌకరి పోతది" అన్నాడు. అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. నేను తలూపాను.

వారం తిరిగాక ఒక ఉదయం హౌజులో దిగే వంతు నాది. నీళ్లు చల్లగా ఉన్నాయని నేను తాత్సారం చేస్తుంటే అన్న నవ్వి తానే దూకాడు. బుట్ట నిండితే దానికి కట్టి నేను పట్టుకున్న తాడు కదలాలి. కదలలేదు. ఎర్రనీళ్లలో ఏమీ కనిపించక నేనూ దూకాను. చేతికి తగిలిందల్లా ఆకే. ఎంతోసేపటికి గాని అన్న భుజం దొరకలేదు.

దినాలయ్యాక అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"వానికి ఏమన్న బీమారి ఉండెనా బిడ్డా? నీకెరుకనా?"

"లేదవ్వా. దమ్ము ఆగలే."

మళ్లీ అడగలేదు. ఇల్లు గడవాలి గనక నేనే హౌజులో దిగేవాణ్ని. దిగిన ప్రతిసారీ అవ్వ మూడు మైళ్లు నడిచి వచ్చి, నేను పైకి తేలేదాకా గట్టున కూర్చునేది. అడుగున మెత్తటి ఆకు వేళ్లకు తగిలితే అన్న నా చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. అవ్వ మొహం చూడవలసి వస్తుందని, దమ్ము చాలకపోయినా ఇంకాస్త సేపు కిందనే ఉండేవాణ్ని.

ఇప్పుడు మా మనవరాలికి అదే జబ్బు. బడిలో పంతులమ్మకూ, పక్కింటి వాళ్లకూ ముందే చెప్పి ఉంచారు. మాత్ర వేసుకుని అందరితో పాటు గంతులేస్తుంది. ఇంత మామూలుగా నలుగురికీ చెప్పుకునే మాటను, ఆనాడు అవ్వ అడిగినా, ఆమె కన్నుమూసేదాకా నేను చెప్పలేకపోయాను.