తువ్వాలు కింద జాంబీలు

మా మేనమామ సూర్యాపేట అంగడిలో పశువుల బేరగాడు. ఏ రహస్యమైనా, అంగట్లో ధర చెప్పినట్టే, తువ్వాలు కింద వేళ్లు నొక్కే చెప్పేవాడు. పెళ్లిచూపుల్లో అత్తయ్య చేతి మీదా కప్పబోయాడట.

ఒక ఆదివారం వీడియో గేములో కోదాడ బావ తుపాకీతో పారిపోయే మనిషి, మామా నేనూ ఆయన్ని పట్టాల్సిన జాంబీలం. ఓడామంటే బావ ఎగతాళిని ఏడు తరాలు మోయాలి. ముందు నాలుగు రకాల జాంబీల్లో మాకొకటి ఎంచుకోవాలి. మామ తెరకు ముక్కు ఆనించి, ఎడ్లకు చూసినట్టే జాంబీల పళ్లు లెక్కపెట్టాడు.

“కక్కెటోనికి నడక లేదు. దుంకెటోనికి నిలకడ లేదు. ఇగ నాలుక సాపెటోడు, ఉరికెటోడు మిగిలిన్రు. ఈళ్లల్ల ఎవడంటే...”

బావ వింటాడని నా రెండు చేతులూ తువ్వాలు కిందికి లాగి వేళ్లు నొక్కాడు. నేను ఒప్పుకోక తిరిగి నొక్కాను. ఆట రిమోట్లు మా ఒళ్లో నిద్రపోయాయి.

“మామయ్యా, నేను గట్టెక్కేశానండీ!” అన్నాడు బావ.

“ఎక్కితే ఎక్కినవ్ తియ్,” అన్నాడు మామ, చేతులు వదలకుండానే. “మేం ఎవణ్ణి ఖాయం జేసినమో నీకు తెలిసిందా?”