మిషన్ నీళ్ల పెంటయ్య

పొద్దున తొమ్మిదైంది. రాత్రి పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. పెంటయ్యకు ఆకలితో పేగులు అరుస్తున్నాయి. అయినా నీళ్ల మిషన్‌ను ఉప్పుతో కడిగే రోజున, ఆ ఉప్పంతా పోయేదాకా అతను మెతుకు ముట్టడు. కారం తిన్న నోటికి ఉప్పు తెలియదని అతని పట్టింపు.

ఆబిడ్స్ వెనక గల్లీలో వకీలు ఇంద్రసేన ఇల్లు అది. నల్లా ఇంకా ఆ గల్లీలోకి రాలేదు. బావి నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అందుకే వకీలు సాబ్ పీపాలాంటి ఇనప మిషన్ ఒకటి తెప్పించి బావి పక్కన పెట్టించాడు. లోపల ఇసుకలాంటి గుండ ఉంటుంది. బావి నీళ్లు అందులోంచి దిగితే మెత్తబడతాయి. కొన్నాళ్లకు గుండ సత్తువ తప్పుతుంది. ఉప్పునీళ్లు పోస్తే తేరుకుంటుంది. ఆ తర్వాత ఉప్పు పోయేదాకా కడగాలి. పోయిందో లేదో చెప్పాల్సింది పెంటయ్య నాలుకే.

పోలీస్ యాక్షన్ ఏడాది పెళ్లాం పూలమ్మతో నాంపల్లి స్టేషన్‌లో దిగినవాడు. కొన్నాళ్లకే ఆమె చనిపోయింది. మిషన్ పక్కన రేకుల కొట్టమే అతనికి ఇల్లు. ఈ పని పోతే అదీ పోతుంది.

కిందటి చలికాలం జ్వరం వచ్చి తగ్గింది కానీ, నాలుకకు రుచి తిరిగి రాలేదు. ఉప్పయినా పులుపయినా చెక్కపొట్టే. వంటమనిషి జంగమ్మకు మాత్రమే ఆ సంగతి చెప్పుకున్నాడు.

"జర నోట్ల పోసుకొని చూడు జంగమ్మా," అని చెంబు అందించేవాడు.

"నీ నాలుకకు జీతమిస్తున్రు, నా నాలుకకు ఏమిస్తవ్ పెంటన్నా?" అని వెక్కిరిస్తూనే ఆమె రుచి చూసి చెప్పేది.

ఇవాళ జంగమ్మ మిరపకాయలకు బేగం బజార్ పోయింది. లోపలినుంచి వకీలు భార్య విమల కేకేసింది.

"పెంటయ్యా, అత్తమ్మ మందు ఏసుకోవాలె. నీళ్లయినయా?"

పెంటయ్య పుక్కిట పట్టాడు. ఏమీ తెలియలేదు. గేటు వైపు చూశాడు. జంగమ్మ జాడ లేదు.

"ఔనమ్మా, అయినయి."

వకీలు తల్లి జయమ్మకు కాళ్లు నీరు పట్టి వాచాయి. ఉప్పు తగలనే కూడదన్నాడు డాక్టరు. పెంటయ్యే గ్లాసు పట్టుకెళ్లి ఇచ్చాడు. ఒక గుక్క తాగి ఆమె ఆగింది. అతని మొహం చూసి, మిగతావీ తాగేసింది.

చెంబులో మిగిలినవి నోట్లో పోసుకున్న విమల థూ అని ఉమ్మేసింది.

"ఏందివి, ఉప్పు కషాయమా? ఎట్ల తాగిన్రు అత్తమ్మా!"

"ఊకో విమలా. జంగమ్మ లేనప్పుడు గిట్లనే ఉంటయి. చెప్తే ఆని పని పోతదని..."

పెంటయ్య జయమ్మ పాదాలకేసి చూశాడు. చర్మం నిగనిగలాడుతూ ఉబ్బి ఉంది.

సాయంత్రం సంగతి విన్న వకీలు తిట్టలేదు. "మిషన్ బంద్ చేద్దాం. నాంపల్లినుంచి నల్లా నీళ్లు మోయిస్త. నువ్వు ఈడనే ఉండు, చెట్లకు నీళ్లు పెట్టుకుంట," అన్నాడు.

"సాబే ఉండుమన్నడు, ఇంకేం ఫికర్? తిను," అంది జంగమ్మ పళ్లెం ముందు పెట్టి. అతను ముట్టలేదు.

మర్నాడు వాన వెలిసింది. మిషన్‌లో నీళ్లన్నీ వదిలేసి, పెంటయ్య మూత బిగించాడు. జయమ్మ గది గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆమె ఇంకా నిద్రలో ఉంది. మూట భుజాన వేసుకుని గేటు దాటాడు.

"పెంటన్నా, యాడికి? చాయ్ అయితుంది, తాగి పో!" జంగమ్మ వెనకనుంచి పిలిచింది.

అతను స్టేషన్ దారి పట్టాడు.