"మాత్రమే" అన్న ఒక్క మాట

ఆఫీసులో ఆమెను అందరూ షరతులమ్మ అంటారు. ఎదుట కాదు, చాటున. ఎవరు ఏ ప్రోగ్రాంలో బయటివాళ్లు రాసిన ముక్క తెచ్చి అతికించినా "దీని లైసెన్సు చదివారా?" అని ప్రాణం తోడేస్తుంది మరి. మనమైతే "ఒప్పుకుంటున్నాను" అన్న బొత్తాం దొరికేదాకానే చదువుతాం. ఆమె చివరి చుక్కదాకా చదువుతుంది.

అలాంటి మనిషీ ఒకసారి పప్పులో కాలేసింది.

చూపు పోయిన అక్క కోసం సెలవురోజుల్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఓ చిన్న ప్రోగ్రాం రాసింది. ఫోను కెమెరాను మందు డబ్బాకు చూపిస్తే, దాని మీదున్నది పైకి చదువుతుంది. అక్షరాలు పోల్చుకునే ముక్క ఒకరిది, చదివే గొంతు ఇంకొకరిది. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. ఆ గొంతంటే అక్కకు ప్రాణం. "పక్కింటి పిన్ని మాట్లాడినట్టుందే!" అని మురిసిపోయేది.

అక్క పాఠాలు చెప్పే అంధుల బడిలో పెద్ద టీచరు ఈ సంగతి విని, పిల్లలందరి ఫోన్లలో పెట్టిద్దామన్నారు. అప్పుడు షరతులమ్మ రెండు లైసెన్సులూ పక్కపక్కన పెట్టుకుని చదివి, తల పట్టుకుంది. గొంతు రాసినాయన ఎంచుకున్న లైసెన్సుకు మూడు వెర్షన్లున్నాయి; ఆయన "రెండో వెర్షన్ మాత్రమే" అన్నాడు. "రెండోది గానీ, ఆ తర్వాతది గానీ" అని ఉంటే గొడవే లేదు. అక్షరాల ముక్క షరతులకు మూడోదానితో పొత్తు కుదురుతుంది, రెండోదానితో కుదరదు. ఇంట్లో వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, కలిపి పంచితేనే చిక్కు. రెండూ మంచివే గదా, కలవకపోతాయా అనుకోవడమే ఆమె చేసిన పొరపాటు.

ఆ ఒక్క మాట సడలించమని ఆయనకు రాసింది. ఉలుకూ పలుకూ లేదు.

"వదిలేద్దురూ మేడమ్, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు పక్క సీటతను.

"మా అక్కకు కనబడదు గదా అని ఆవిడ కంచంలో తక్కువ వడ్డిస్తామా?"

ఎన్ని పేర్లయినా పెట్టుకోండి గానీ, ఇలాంటి మనిషి పక్కన పనిచేయడం అదృష్టం.

అక్షరాల ముక్కను మారుద్దామంటే, అంత కచ్చితంగా చదివేది ఇంకోటి దొరకలేదు; మందు పేరు తప్పు చదివితే ప్రాణం మీదికొస్తుంది. ఇక మార్చాల్సింది గొంతునే. షరతులు కలిసే గొంతు వెతికి పెట్టింది. అది గరగరలాడుతుంది.

"ఏమే, దీనికి జలుబు చేసిందా?" అంది అక్క. చెల్లెలికి ఏడుపొక్కటే తక్కువ.

పిల్లల ఫోన్లలో పెట్టిన రోజు పెద్ద టీచరు అడిగారు. "వేరే బడివాళ్లు కావాలంటే ఇవ్వొచ్చామ్మా? మార్పులేమైనా చేసుకోవాలంటే ఎవర్ని అడగాలి?"

"మీరూ లైసెన్సుతో సహా ఇవ్వండి, అంతే. ఎవర్నీ అడగక్కర్లేదండీ."

అక్క చెల్లెలి చెయ్యి వెతికి పట్టుకుంది.

"పొద్దున లేస్తే ప్రతిదానికీ ఎవరో ఒకర్ని అడిగే వాళ్లమే మేము. ఈ మాట వినడానికి ఏ గొంతైతేనేం!"