దూలానికి కట్టిన సంచి

నిరుడు మృగశిర కార్తె మూడో రోజు నుంచి ఆరుద్ర సగం గడిచేదాకా నేను ఒకచోట కుదురుగా కూర్చోలేదు. పొద్దున్నే హనుమకొండలో బస్సెక్కి ఊరికి పోవడం, రెండెకరాల మెట్ట చెలక చుట్టూ తిరగడం, మధ్యాహ్నానికి మళ్లీ బస్సెక్కి రావడం. ఇంట్లో కుర్చీలో కూర్చుంటే అయిదు నిమిషాలకే లేచేవాణ్ని. ఏమైందని మా ఆవిడ అడిగితే ఉక్కపోస్తోందని చెప్పాను. నిజానికి నేను చేసిన పని ఒకటి నన్ను కూర్చోనివ్వలేదు. అది చెప్పాలంటే ముందు మా చిన్నాయన గురించి చెప్పాలి.

ఆ ఊరు ఒకప్పుడు మాది. చెరువు కింది పొలంలో సగం, చెలకల్లో ముప్పాతిక మా తాత పేరున ఉండేవి. అవి ఎట్లా పోయాయో చెప్పి ఎవరి జాలీ అడగను. కొన్ని చట్టానికి పోయాయి, కొన్ని అన్నదమ్ముల కోర్టు కేసులకు పోయాయి, మిగిలినవి మా వాళ్ల గొప్పలకు పోయాయి. చివరికి మిగిలిన రెండెకరాల్లో మా బాపు ఏనాడూ అడుగుపెట్టలేదు. అన్ని జతల ఎడ్లను చూసిన కళ్లతో ఆ ముక్కను చూడలేనని అనేవాడు. ఇస్త్రీ బట్టలు, భుజాన మడత నలగని కండువా, నిటారు వెన్ను, ఈ మూడూ పోయేదాకా కాపాడుకున్నాడు. నాకు ఆస్తిగా వచ్చినవి కూడా అవే.

ఆయన తమ్ముడు, మా చిన్నాయన, అదే కండువాను తలకు చుట్టుకుని నాగలి పట్టాడు. మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ చేయని పని అది. బాపు ఆయనతో కొన్నేళ్లపాటు మాట్లాడలేదు. చిన్నాయనకు అది పట్టినట్టు కూడా కనిపించేది కాదు. ఆయన ధ్యాసంతా మిర్చి తోట మీదే. మా వైపు చపాట మిర్చి అని ఒకటి ఉంది. కాయ టమాటాలా గుండ్రంగా, లావుగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. ముప్పై ఏళ్లు ఆ రెండెకరాల్లో ఆయన అదే పెట్టాడు. తెగులొచ్చినా పెట్టాడు, ధర పడిపోయినా పెట్టాడు. నా పెళ్లి మిర్చి ఏరే రోజుల్లో జరిగింది. ఆయన తోటలోంచి నేరుగా వచ్చాడు. తలంబ్రాలప్పుడు ఆయనకు కన్నీళ్లొచ్చాయి కానీ, చేతులకు ఘాటు అంటి ఉండడంతో తుడుచుకునే వీల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, చెంపలు తడిసిపోతుంటే అట్లాగే నిలబడ్డాడు. మా అత్తగారి వాళ్లు ఈయనెవరని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేదు.

ఊళ్లో మా బాపును దొర అనేవాళ్లు. చిన్నాయనను మాత్రం వరస కలిపి ‘కాకా’ అని పిలిచేవాళ్లు. కూలికి వచ్చిన ఆడవాళ్ల పక్కన ఒడ్డు మీద కూర్చుని, వాళ్ల గిన్నెలోని పచ్చడి అడిగి వేయించుకుని తినేవాడు. కాలేజీ రోజుల్లో అది చూసి నేను దారి మార్చుకుని పోయేవాణ్ని. తోటలో కొన్ని చెట్లకు ఎర్రదారం కట్టి ఉండేది. దిష్టికేమో అనుకున్నాను. ఎందుకని అడగలేదు. అడగడం మా ఇంట్లో అలవాటు లేదు.

చిన్నమ్మ ముందే పోయింది, పిల్లలు లేరు. కూలిన మా పాత ఇంటి వెనక, ఒకప్పుడు ఎడ్లను కట్టిన కొట్టాన్నే గదిగా చేసుకుని ఆయన ఒక్కడే ఉన్నాడు. నిరుడు ఉగాది దాటాక జబ్బు పడితే వరంగల్ దవాఖానలో చేర్పించాను. మూడో రోజు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ ఒక్క ఏడు చెలక పడావు పెట్టకు బిడ్డా. మిర్చి పెట్టు. తర్వాత నీ ఇష్టం."

పెడతానన్నాను. మర్నాడు పోయాడు.

పదకొండో దినం ఊరంతటికీ భోజనాలు పెట్టాను. పెద్దింటి దినం చిన్నబోయిందని ఎవరూ అనకూడదు. వంటవాళ్లు కారం అడిగితే చిన్నాయన గది వెతికాను. మూలన గోనెసంచిలో ఇంటివాడకపు కాయలున్నాయి. పొయ్యికి పైన దూలానికి ఒక గుడ్డసంచి కట్టి ఉంది. దించి చూస్తే అందులో కాయలు ఒక్కొక్కటి ఏరి పెట్టినట్టున్నాయి. మచ్చ లేదు, ముడత లేదు. పంటలో మేలైనది ముందు మా ఇంటికి రావడం, మిగిలింది బయటికి పోవడం, చిన్నప్పుడు నేను చూసిన పద్ధతి అది. చిన్నాయన కూడా ఇంటికని మంచివి పక్కన పెట్టుకున్నాడనే అనుకున్నాను. కారం పట్టించమని సంచి గిర్నికి పంపాను. ఆ రోజు మాంసం కూర రంగు చూసి ఊరంతా మెచ్చుకుంది. నాకు గర్వంగానే అనిపించింది.

మృగశిర మూడో రోజున ఒకామె చెలక దగ్గరికి విత్తనంలో కలిపే బూడిద గంపలో పట్టుకుని వచ్చింది. చిన్నాయన తోటలో మిర్చి ఏరే వాళ్లకు ఆమే పెద్ద. ఇప్పుడు సొంతంగా ఎకరం కౌలుకు చేస్తోంది. నా ఈడుదే. నారుమడి ఎప్పుడు పోద్దామని అడిగి, ఇత్తనం తియ్యి పటేలా, జర ఎండ చూపిద్దాం అంది. దుకాణంలో తెస్తానని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"గా ఇత్తనం ఏ దుకాన్ల దొరుకుతది పటేలా? చెట్టుకు దారం గట్టి, రెండో ఏరుడుల కాయ దెంపి, కాకనే తీస్తుండె. దూలానికి సంచి ఉండాలె, చూడు."

చూస్తానన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. ఆమె బూడిద గంప ఒడ్డు మీద పెట్టి పోయింది.

ముప్పై ఏళ్లుగా ఆయన ఏటేటా ఎన్నుకుంటూ వచ్చిన విత్తనాన్ని నేను ఒక్క పూట కూరలో వేసి ఊరికి పెట్టాను.

వరంగల్‌లో విత్తనాల దుకాణాలన్నీ తిరిగాను. మెరిసే పొట్లాలు చూపించారు. ఒకటి కొన్నాను కూడా. ఆయన మిర్చి పెట్టమన్నాడే తప్ప ఫలానా మిర్చి అనలేదు కదా అని బస్సులో నాకు నేనే వాదించుకున్నాను. ఆ పొట్లం రెండు రోజులు నా జేబులోనే ఉంది. చెలక దాకా తీసుకుపోయి, మళ్లీ వెనక్కి తెచ్చాను. ఈలోపు వానలు పడ్డాయి. చుట్టుపక్కల మడులన్నీ గడ్డి కప్పుకుని సిద్ధమయ్యాయి. నా మడి దున్ని, ఎత్తు చేసి, ఖాళీగా ఉంది. ఇంకో వారం పోతే నారు అదును దాటిపోతుంది.

ఆ విత్తనం ఎవరి దగ్గర ఉందో నాకు తెలియక కాదు. ఆమె కౌలు చేను మొదలుపెట్టిన ఏడు చిన్నాయనే ఆమెకు విత్తనం పోశాడని ఊళ్లో అందరికీ తెలుసు. కానీ మా ఇంటి గడపలో అడిగినవాళ్లున్నారు గానీ, మేము పోయి అడిగింది లేదు. అడగాలంటే గిర్ని సంగతీ చెప్పాలి. ఆమె వీధి మలుపు దాకా మూడు సార్లు పోయి వెనక్కి తిరిగాను. మూడోసారి ఒక ముసలాయన ఏం పోయింది పటేలా, వెతుకుతున్నావు అని అడిగాడు.

నాలుగోసారి లోపలికి పోయాను. ఆమె అరుగు కింద కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. కుర్చీ తెప్పించబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను, ఉన్నదున్నట్టు. ఆమె చాట ఆపింది.

"ఇత్తనం కారం పట్టిచ్చినవా?"

అవునన్నాను.

"రుచి ఎట్లున్నది మరి?"

నా వెన్ను మరింత బిగుసుకుంది. వచ్చిన దారినే పోదామనుకున్నాను. ఆమె చాటలోకి చూస్తూ నెమ్మదిగా అంది.

"నేను గూడ తిన్న. కూర మంచిగున్నదని రెండుసార్లు ఏపిచ్చుకున్న. గా రంగు జూసి గూడ నాకు సోయి రాలే."

లోపలికి పోయి చిన్న కుండ తెచ్చి మళ్లీ కిందే కూర్చుంది. నేను చెయ్యి చాపాను. చేతుల్లో పోయరట, గుడ్డ పట్టమంది. భుజం మీది కండువా తీసి రెండు కొసలు పట్టుకున్నాను. ఆమె కుండ నేల మీది నుంచి ఎత్తకుండా అక్కడే వంచబోయింది. కండువా అంత కిందికి దించాలంటే మోకాళ్ల మీద కూర్చోక తప్పలేదు. బూడిద కలిసిన విత్తనం జలజలా పడింది. సగంలో ఆపేసింది.

"సగమే ఇస్తాన్న. మొత్తం ఇస్తే, మల్ల గిర్నికి వట్కపోతవేమో ఎవరికెరుక."

ఆ సాయంత్రమే ఆమె చెబుతుంటే నేనే మడిలో చల్లాను. సమంగా పడలేదు. పైన పలచగా మట్టి, ఆ పైన వరిగడ్డి పరిచి నీళ్లు చిలకరించాం. అంతటితో నాకు నెమ్మది వస్తుందనుకున్నాను, రాలేదు. మొదటి బస్సుకే పోయేవాణ్ని. మడి చుట్టూ తిరిగేవాణ్ని. వారం దాటింది. గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. లోతుగా వేశానా, నీళ్లు ఎక్కువయ్యాయా, ఇచ్చిన విత్తనం పాతదా అని కూడా అనుకున్నాను. చిన్నాయనకు ఇచ్చిన మాట తప్పానని, అది కూడా నా చేతులతోనే చేశానని అనుకుంటూ తిరిగాను.

తొమ్మిదో రోజు ఆమె తన చేనికి పోతూ నన్ను చూసి ఆగింది.

"ఎన్ని సుట్లు తిరుగుతవ్? నిలవడి జూస్తె కనవడయి. కూసో."

ఒడ్డు తడిగా ఉంది. కూర్చున్నాను. ఆమె నా పక్కన కూర్చుని గడ్డి పరకలు రెండు వేళ్లతో పక్కకు జరిపింది. మట్టికి అంగుళం ఎత్తున, మెడ వంచుకుని, పాలిపోయిన ఆకుపచ్చలో నాలుగు మొలకలు. ఇంకో చోట గడ్డి తీస్తే మరో ఆరు. అవి నిన్ననే వచ్చాయని చెప్పింది. నిన్న కూడా నేను అక్కడే తిరిగాను.

ఆమె సద్దిమూట విప్పి జొన్న గట్క, మామిడి తొక్కు పచ్చడి తీసింది. తింటావా అని అడగలేదు. సగం నా వైపు జరిపింది.