గ్యాసు తగలని బొగ్గు

జనగామ బస్టాండు ముందు సోడా బండివాడు సీసాలోకి గ్యాసు వదిలాడు. సుయ్యిమన్న ఆ చప్పుడుకు అడుగు ముందుకు పడలేదు. పక్కనున్న పెద్దమనిషి అదోలా చూస్తే ఊరుకోలేకపోయాను. "ఈ గ్యాసుతోనే ఇనుప ఫ్యాక్టరీలో కోక్ బొగ్గును పరీక్ష చేసేవాణ్ణి. ముక్క చేతిలో పట్టుకుంటే చాలు, కొలిమిలో నిలుస్తదో పొడైతదో చెప్పేవాణ్ణి. మిషను నా తర్వాతే" అన్నాను.

అబద్ధం. చేత్తో పట్టుకుని ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి నాకు నేర్పిందే మా ల్యాబు పెద్ద, నెల్లికుదురు యాకయ్య సారు. బచ్చన్నపేట నుంచి డిగ్రీ కాగితం పట్టుకుని వెళ్ళిన మొదటి రోజు ఆయన నా చేతికో బొగ్గు ముక్క ఇచ్చాడు. నేలకేసి కొట్టాను, పగల్లేదు. "బండ తీరుగున్నది సార్" అన్నాను.

"సల్లగున్నప్పుడు గట్టిగనే ఉంటది. గ్యాస్ తగిలినంక సూద్దాం పా."

రెండు వందల గ్రాముల ముక్కలను గొట్టంలో పోసి, పదకొండు వందల డిగ్రీల వేడిలో రెండు గంటలు కార్బన్ డయాక్సైడ్ పంపాడు. ఆ గ్యాసు బొగ్గు రంధ్రాల్లో దూరి లోపలి కర్బనాన్ని తినేస్తుంది. పైకి ముక్క ముక్కలాగే ఉంటుంది, బరువు మాత్రం పోతుంది. తర్వాత డ్రమ్ములో ఆరు వందల చుట్లు తిప్పితే నా బండ సగం పిండైంది. "పెద్ద కొలిమిల ఖనిజం బరువంత మోసేది గిదే మల్లేశం. గిది పొడైతే గాలి పోయే సందుండదు" అన్నాడు సారు. ఆయన మాట విని పెద్దాఫీసరు, "గిది, గది అనేవాడికి కెమిస్ట్రీ ఎలా వచ్చిందయ్యా" అని అందరి ముందూ నవ్వేవాడు. సారు తలెత్తకుండా తూకం రాసుకునేవాడు.

ఒకసారి కొత్త బొగ్గు లారీలు గేటు బయట ఆగి ఉన్నాయి. ఆఫీసరు పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పరీక్ష నేనే చేశాను. రోజూ పావు వంతు దాకా పోయే బరువు ఆ రోజు పోనేలేదు. సారు తూకం రెండుసార్లు చూశాడు.

"గ్యాస్ సక్కగ పోయిందా?"

"పోయింది సార్. బొగ్గే మంచిది."

"నువ్వు దగ్గరున్నవా?"

"ఉన్న సార్."

సంతకం పెట్టాడు. లారీలు లోపలికి వెళ్ళాయి. నాలుగో రోజు ఆ బొగ్గు పొడై, గాలి ఆడక కొలిమి బిగుసుకుపోయింది. ఆ రోజు సిలిండరు ఖాళీ అయిందని, బొగ్గుకు గ్యాసే తగల్లేదని విచారణలో తేలింది. పరీక్ష చేసిందెవరని అడిగితే సారు, "సంతకం నాది" అని ఊరుకున్నాడు. ఆయన్ను ల్యాబు నుంచి తీసేసి గేటు దగ్గర లారీలు తూచే పనికి వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే. ఆయన కుర్చీ నాకు వచ్చింది. రోజూ ఆ గేటులోంచే లోపలికి వెళ్ళాలి. "తిన్నవా మల్లేశం?" అని అడిగేవాడు. తిట్టినా బాగుండేది.

పోయిన వానాకాలం నెల్లికుదురులో ఆయన్ను మట్టి చేశారు. వెళ్ళాను, అందరికన్నా వెనక నిలబడ్డాను. ఏమరుపాటున సిలిండరు చూసుకోలేదు, అంతే, అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అయినా ఎవరైనా "నువ్వు దగ్గరున్నవా?" అని మామూలుగా అడిగినా, ఇప్పటికీ మాట మార్చేస్తాను.

ఇదంతా రాసి నిన్న చిట్యాల సమ్మక్కకు ఫోనులో చదివి వినిపించాను. మా ల్యాబులో బొగ్గు జల్లెడ పట్టిన మనిషి. చివరిదాకా వింది.

"ఏమరుపాటు అని రాసినవా? సిలిండర్ ఖాళీ అయిందని నీకు చెప్పిందే నేను. మళ్ల మొదలువెడితే ఇంక రెండు గంటలు, ఆఫీసరు తిడుతడు, సప్పుడు జేయకక్కా అన్నవ్. సారు అడిగినప్పుడు నేను పక్కనే ఉన్న, నా నోరు గూడ లేవలే. గది రాయి. నా పేరు గూడ రాయి."